పన్ను చెప్పిన సాక్ష్యము



నోట నున్న దంతములలో సగమునకు పైగా రాలిపోయినవాడు దంతములను గూర్చి ప్రసంగింప బూనుట చూచి మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, మీలోను నావంటివారు కొందరుందురని యెరుగుదును. నేను చెప్పబోవునది మన దంతముల మాట కాదు. లక్షల సంవత్సరముల క్రిందట, కోట్ల సంవత్సరముల క్రిందట ఈ భూమిపై మేసి, తిరిగి, నశించిపోయిన గిట్టల జంతువుల దంతముల మాట. ఆ జంతువుల మాంసము లేదు, చర్మము లేదు, పెక్కింటికి ఎముకలైనను సమగ్రముగా లేవు. శిలగా మారిన దంతములు మాత్రము మిగిలినవి. వానిని చేతబట్టుకొని, ఇది గుఱ్ఱమునకు చుట్టము, ఇది పందికి దాయాది, ఇది యే వంశమునకును చెందనిది అని నిర్ణయించిన విద్వాంసుల చరిత్రమును మీకు వినిపించెదను. వారు నెగ్గిన కథలును కలవు, పొరబడిన కథలును కలవు. పొరబడిన కథలే నాకెక్కువ ప్రియము.

ముందుగా మా యింటి ముచ్చట యొకటి. మా తండ్రిగారు వ్యాకరణమును తర్కమును గురుముఖమున చదివినవారు. ఉన్న నాలుగెకరముల వ్యవసాయము పాలికాపు చేతిలోనే యుండెడిది. నాకు పదియేండ్ల వయస్సున మా యెద్దులలో నొకటి చనిపోయెను. పాలికాపు జ్వరముతో పడియుండుటచే తండ్రిగారే నన్ను వెంటబెట్టుకొని సంతకు వెళ్లిరి. పన్ను చూచి పశువును కొనవలెనని వారు వినియుండిరి. ఒక తెల్లని కోడెకు దవడ విప్పించి చూచిరి; ఆరు పండ్లు వేసినది. మూడు నిండి నాలుగవ యేడు నడుచుచున్నదని లెక్క కట్టి, మంచి ప్రాయమని సంతోషించి, అడిగిన వెల యిచ్చి తోలుకొని వచ్చితిమి. మూడవ దినమున అరకకు కట్టగా అది రెండు సాళ్లు నడచి చాలులోనే కూలబడెను. వెనుక కాలి గిట్టల నడుమ పాతపుండు! జ్వరము నుండి లేచి వచ్చిన పాలికాపు దానిని చూచి, "పళ్లు చూసినారు గానండి అయ్యగారూ, కాలెత్తి చూసినారు కారు" అని ఊరకుండెను. నాటినుండి మా తండ్రిగారు శిష్యులకు అనుమాన ఖండము చెప్పునపుడు కొండమీది పొగను, నిప్పును విడిచిపెట్టి ఆ యెద్దునే యుదాహరణముగా చెప్పెడివారు. నేటి ప్రసంగమున ఆ యెద్దు మరల ఒకటి రెండు మారులు వచ్చును. దానిని మీరు జ్ఞాపకమునం దుంచుకొన గోరెదను.

ఇక దంతమేల మిగులునో చెప్పవలెను. దంతముపై నుండు తెల్లని పింగాణి పొర మన శరీరమునందెల్ల గట్టి పదార్థము. తూకమున నూటికి 95 పాళ్లు ఖనిజ ద్రవ్యమే. ఎముకను నక్క కొరుకును, వాన నానబెట్టును, చెట్ల వేళ్లు తొలుచును. దంతము నంత సులభముగా నేదియు జయింపలేదు. పైగా ఒక్కొక్క జంతువు నోట దంతములనేకములు. మన యెద్దునకు ముప్పదిరెండు: క్రింది దవడ ముందు భాగమున ఎనిమిది, చెంపలయందు ఇరువదినాలుగు. పై దవడ ముందు భాగమున ఒక్కటియు లేదు. అచట గట్టి చిగురు మాత్రమే యుండును. కావున ఏటి యొడ్డున ఇసుకలో ఒక జంతువు చచ్చి కప్పబడిన యెడల, యుగములు గడచిన పిమ్మట త్రవ్వువానికి దొరకునది తరచుగా దంతమే.

అది దొరకినచో ఏమి తెలియును? మీరెరిగిన జంతువులనే తలచుకొనుడు. పంది దవడ దంతముపై గుండ్రని గుబ్బలుండును. దుంప, గడ్డి, పురుగు, ఏది దొరకిన నది నలుగగొట్టుట కవి తగినవి. ఆవు, మేక, జింక వీని దవడ దంతమును అరిగిన తరువాత చూచినచో దానిపై నెలవంకలు గీసినట్లుండును. ఖడ్గమృగపు దంతముపై అడ్డుగట్లుండును. గుఱ్ఱపు దంతము నిలువున పొడుగు. దాని తలపై పింగాణి మడతలు మడతలుగా నల్లుకొని యుండును. ఈ గుబ్బలు, వంకలు, గట్లు, మడతలు ఎన్ని, ఎచట, ఒకదానితో నొకటి యెట్లు కలిసినవి అని లెక్క కట్టుటయే యీ శాస్త్రమునకు అక్షరాభ్యాసము.

జంతువులను గిట్టలచేతను దంతములచేతను విభజించుట మన పూర్వులకును తెలియును. రెండు దవడలయందు దంతములు గల పశువులను గూర్చిన మాట పురుషసూక్తమునందే కలదు. మనుస్మృతి యొక దవడ దంతముల పశువులను చెప్పుచు వానిలో ఒంటెను వేరుపరచినది. సంస్కృత భాగవతము తృతీయ స్కంధమున సృష్టి చెప్పుచో ఆవు, మేక, దున్న, పంది, ఒంటె మొదలగు తొమ్మిదింటిని రెండు గిట్టలవి యనియు, గాడిద, గుఱ్ఱము మొదలగు ఆరింటిని ఒంటి గిట్టవి యనియు పట్టిక వేసినారు. చక్కని విభాగము. అంతమాత్రమున సర్వమును మనవారికి ముందే తెలియునని నేను ఛాతి చరచుకొనను. ఏలయన నా ఒంటి గిట్ట పట్టికలోనే చమరీమృగ మున్నది. చమరీమృగపు గిట్ట ఆవు గిట్టవలె చీలియే యుండును. హిమాలయముల కావల నుండు నా మృగపు తోక మాత్రము వింజామరయై దేశమంతట తిరిగినది. కాలు కొండ దిగి రాలేదు. చూచితిరా, ఇచటను కాలెత్తి చూడకపోవుటయే వచ్చినది!

పాశ్చాత్య శాస్త్రమున ఈ విభాగమును స్థిరపరచినవాడు రిచర్డు ఓవెన్ అను ఆంగ్లేయుడు. 1848లో ఆయన గిట్టల జంతువులను సరిసంఖ్య వ్రేళ్లవి, బేసిసంఖ్య వ్రేళ్లవి అని రెండు వర్గములు చేసెను. ఆవు, జింక, పంది, ఒంటె మొదటి వర్గము. గుఱ్ఱము, ఖడ్గమృగము రెండవ వర్గము. వింత యేమనగా, కాలి వ్రేళ్లనుబట్టి చేసిన ఈ విభాగమును ఆయన ప్రకటించిన వ్యాసము కాళ్లను గూర్చినది కాదు. హేస్టింగ్సు ప్రభ్వి వైట్ అను దీవిలో సేకరించిన నశించిన జంతువుల దంతములను, దవడ తునకలను వర్ణించు వ్యాసమది. చేతిలో నున్నది పన్ను, చెప్పినది కాలి మాట. అట్టి ధైర్యము ఆయనకు ఎచటనుండి వచ్చెనో తెలియుటకు మనము మరి యర్ధశతాబ్దము వెనుకకు, ఫ్రాన్సు దేశమునకు పోవలెను.

పారిస్ నగరమున మోంమార్త్ర్ అను గుట్ట కలదు. గోడలకు పూయు ప్లాస్టరు కొరకు అచట జిప్సపు రాతిని త్రవ్వెడివారు. ఆ గనులలో పనివారికి ఎముకలు, దంతములు కలగాపులగముగా దొరకెడివి. జార్జి క్యువియే అను పండితుడు వానిని తెప్పించుకొని ముందుగా దంతములను వేరుచేసెను. ఒక రకమునకు కోరలు పైకి పొడుచుకొని వచ్చియున్నవి. మరియొక రకమునకు కోరపన్ను తక్కిన వానికంటె నెత్తుగా లేదు. వరుసయంతయు ఎడము లేక సమముగా నున్నది. మొదటిదానికి పాలియోథేరియము, అనగా ప్రాచీన మృగము, రెండవదానికి అనోప్లోథేరియము, అనగా ఆయుధము లేని మృగము అని 1804లో పేరులు పెట్టెను. పాదములును రెండు తెరగులవి దొరకినవి: మూడు వ్రేళ్లవి, రెండు వ్రేళ్లవి. ఏ పాదము ఏ నోటిది? దంతముల పోలికనుబట్టి మూడు వ్రేళ్ల పాదమును మొదటి జంతువునకు, రెండు వ్రేళ్ల పాదమును రెండవదానికి జతపరచెను. ఆ నిర్ణయము నిలిచినది.

ఆయన వాదము మన నైయాయికులకు మిక్కిలి నచ్చును. ప్రాణి శరీరమున నే యవయవమును ఒంటరిది కాదు. మాంసము చీల్చు పన్ను గలదానికి మాంసము పట్టు గోరుండవలెను, ఆకు నమలు పన్ను గలదానికి గిట్ట యుండవలెను. ఒకటి చూచినచో రెండవది యూహింపవచ్చును. ఊహ యొట్టిమాట కాదని చూపుటకు ఆయన ఒక పరీక్షయు చేసెను. అదే గనిలో ఒక చిన్న జంతువు అస్థిపంజరము రాతిలో సగము పొదిగి దొరకినది. దవడను దంతములను చూచి క్యువియే, ఇది పొట్టసంచిలో పిల్లల మోయు జాతిది, దీని కటి ముందు ఆ సంచికి సంబంధించిన రెండెముకలు ఉండి తీరవలెను అనెను. సాక్షులను కూర్చుండబెట్టుకొని వారి యెదుటనే సూదితో రాతిని చెక్కెను. ఎముకలు రెండును చెప్పిన చోటనే బయలుపడెను. అనుమానము ప్రత్యక్షమైన ఇట్టి దృశ్యము తర్కశాలలలో నెన్నడో గాని కనబడదు.

ఇక ఆ మహాపండితుని సూత్రమునకు వచ్చిన చిక్కు వినుడు. నేటి ప్రసంగమునకు నేనీ కథనే మూలముగా నెంచుకొంటిని.

జర్మనీ దేశమున ఎప్పెల్స్‌హైమ్ అను పల్లెటూరు కలదు. అచటి ఇసుకమేటలలో ఒక పెద్ద గోరెముక, అనగా వ్రేలి తుదనుండి గోటిని మోయు నెముక, దొరకినది. దాని కొన చీలియుండెను. క్యువియే దానిని పరీక్షించి, అలుగు అను పొలుసుల జంతువునకు ఇట్టి చీలిక యుండును గనుక, ఇది బ్రహ్మాండమైన అలుగుది యని నిర్ణయించెను. అలుగును మన యడవులలో చూచినవారు మీలో నుందురు; చీమల పుట్టలు త్రవ్వును, దానికి దంతములే లేవు. 1833లో యోహాన్ కౌప్ అను జర్మను పండితుడు అదే ఇసుకలో దొరకిన దవడ దంతములను వర్ణించి, అవి గిట్టల జంతువువని తేల్చి, కాలికోథేరియము, అనగా గులకరాళ్ల మృగము అని నామకరణము చేసెను. ఆ దంతము ఆకులు నమలు జంతువుది. పై దవడ దంతమునకు వెలుపలి గోడ రెండు వంకలుగా మడిగి యుండును. ఏ విద్యార్థి చూచినను గిట్టల జంతువుది యనియే చెప్పును.

ఇట్లు ఒకే పల్లె ఇసుకలో గోరెముక ఒక వంశమునకును, దంతములు మరియొక వంశమునకును పోయినవి. అంతటితో ఆగలేదు. దక్షిణ ఫ్రాన్సునందలి సాంసాన్ అను చోట లార్తే అను న్యాయవాది 1834 మొదలు త్రవ్వకములు సాగించెను. అచటను గోళ్లు గల పెద్ద పాదములు దొరకెను. ఆయన 1837లో వానికి మాక్రోథేరియము అని పేరిడి దంతహీనుల కుటుంబమున చేర్చెను. అచటనే దొరకిన దంతములను గిట్టల జంతువులలో చేర్చెను. అట్లాంటిక్కు కావల అమెరికాలో మార్ష్ అను పండితుడు 1877లో అట్టి పాదపుటెముకలనే చూచి మోరోపస్ అని పేరుపెట్టి, తానును దంతహీనులలోనే వేసెను. క్యువియే సూత్రము ప్రకారము వీరిది తప్పు కాదు. గిట్టల జంతువు పన్నునకు గిట్ట యుండవలెను; గోళ్ల పాదమునకు వేరు నోరుండవలెను. నోరు లేని పాదములును, పాదము లేని నోళ్లును యూరపు ప్రదర్శనశాలలలో వేర్వేరు బల్లలపై సుమారు అరువది యేండ్లు ఒకదాని నొకటి చూచుకొనుచు కూర్చుండెను.

1890 ప్రాంతమున ఆన్రీ ఫిల్హోల్ అను ఫ్రెంచి విద్వాంసుడు సాంసాన్ ఎముకలను మరల పరిశీలించి, ఆ నోరును ఆ పాదమును ఒక్క జంతువువే యని చూపెను. విన్నవారు తెల్లబోయిరి. గుఱ్ఱమునకు, ఖడ్గమృగమునకు చుట్టమైన బేసివ్రేళ్ల జంతువు, గిట్టలకు మారుగా గోళ్లతో! తరువాత అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున అగేట్ స్ప్రింగ్స్ అను చోట మోరోపస్ అస్థిపంజరములు అనేకము దొరకెను. హాలండ్, పీటర్సన్ అను వారు వానిని వివరించి 1914లో పెద్ద గ్రంథము వ్రాసిరి. సందేహమునకు చోటు లేకపోయెను. కాలికోథేరియము గుఱ్ఱమంతటి మృగము. ముందు కాళ్లు మిక్కిలి పొడవు, వెనుక కాళ్లు పొట్టి. గోళ్లు లోనికి మడచుకొని వ్రేళ్ల కణుపులపై నడచెడిదనియు, నిలిచి కొమ్మలను గోళ్లతో వంచి ఆకులు మేసెడిదనియు నేటివారు తలంచుచున్నారు. ఆ వంశపు దంతములు మన శివాలిక్ కొండలలోను దొరకినవి.

ఈ కథ వినగానే మీరు, కాలు మోసపుచ్చినది, పన్ను నిజము చెప్పినది, కాబట్టి పన్నునే నమ్మవలెను అందురేమో. ఇచట పన్ను నెగ్గిన మాట సత్యము. మా కోడె విషయమునను పన్ను అబద్ధమాడలేదు. దాని వయస్సు చెప్పినదే గాని, కాలి పుండు సంగతి చెప్పుట దాని పని కాదు. అయినను పన్నే నేరుగా మోసపుచ్చిన సందర్భములును కలవు.

పైన చెప్పిన ఓవెన్‌గారికే యిది జరిగెను. ఇంగ్లండునందలి సఫక్ ప్రాంతమున కైసన్ అను చోట ప్రాచీనమైన ఇసుకలో దొరకిన చిన్న దంతములను చూచి 1839లో ఆయన అవి కోతివి యని ప్రకటించెను. ఇంగ్లండులో ప్రాచీన వానరము! దేశమంతయు ఆశ్చర్యపడెను. ఇంచుమించుగా ఆ రోజులలోనే కెంటు తీరమున కుందేటి తలయంత పుఱ్ఱె యొకటి దొరకగా, దానికాయన హైరాకోథేరియము అని పేరు పెట్టెను. హైరాక్సు అనునది ఆఫ్రికా అరేబియా దేశముల రాళ్లలో నుండు చిన్న జంతువు; దానిని బోలినది యని యర్థము. ఇరువది మూడేండ్ల తరువాత, 1862లో, ఓవెన్ తానే వ్యాసము వ్రాసి, కైసన్ దంతములు కోతివి కావు, హైరాకోథేరియమువే యని యొప్పుకొనెను. అనంతరము అమెరికాలో దొరకిన అట్టి చిన్న జంతువులనుండియే గుఱ్ఱపు వంశవృక్షమును మొదలుపెట్టిరి. మనము కోతి యనుకొన్నది తుదకు గుఱ్ఱముల చుట్టమైనది. తన తప్పును తానే అచ్చు వేయించిన పండితులు మన దేశమునను అరుదే. ఓవెన్ ఇతర విషయములలో పెడసరపు మనిషి యని ప్రసిద్ధి, కాని ఈ యొక్క దానికి నేనాయనకు నమస్కరింతును.

పోలిక యెందుకు మోసపుచ్చునో రష్యా దేశస్థుడు వ్లదీమిర్ కోవలేవ్‌స్కీ 1870-80 నడుమ వ్రాసిన గ్రంథములవలన తెలిసినది. అడవులలో మెత్తని యాకులు మేసిన పూర్వాశ్వములకు దంతము పొట్టి. మైదానములలో గడ్డి మేయ నారంభించిన తరువాతి అశ్వములకు దంతము పొడుగు. గడ్డిలో ఇసుకవంటి గరుకు పదార్థ మున్నది, దానికి తోడు మట్టి. పొట్టిపన్ను కొలది యేండ్లలోనే అరిగిపోవును. కాబట్టి పన్ను కేవలము వంశమును మాత్రమే చెప్పదు, తిండినిగూడ చెప్పును. రెండు వేరు వంశములు ఒకే తిండికి అలవాటుపడినచో వాని దంతములు ఒకదానికొకటి దగ్గరగా వచ్చును. చూచువానికి ఏది పుట్టుక, ఏది అలవాటు అని వేరుచేయుటయే కష్టము.

దీనికి దక్షిణ అమెరికాఖండము మంచి నిదర్శనము. అది బహుకాలము తక్కిన భూఖండములనుండి వేరుపడి యుండుటచే అచటి గిట్టల జంతువులు తమ దారిని తాము పెరిగినవి. 1833 నవంబరు 26వ తేదీన చార్లెస్ డార్విన్ ఉరుగ్వే దేశమున గుఱ్ఱముపై పోవుచు, ఒక పల్లెయింట పెద్ద యెముకలున్నవని విని వెళ్లెను. ఒక మృగపు తల దొరకినది. పదునెనిమిది పెన్నీలిచ్చి కొనెను. అది దొరకినప్పుడు సమగ్రముగనే యున్నదట. ఆ యింటి పిల్లలు దానిని గురిగా నిలిపి రాళ్లు రువ్వి దంతములు రాలగొట్టిరి. బడిపంతులుగా ముప్పదియేండ్లు గడపిన నాకిది విని ఆశ్చర్యము కలుగలేదు. ఆశ్చర్యము తరువాతి మాట. సుమారు 180 మైళ్ల దూరమున మరియొక నది యొడ్డున డార్వినునకు దొరకిన ఒక విడిపన్ను ఆ తలలోని ఖాళీ గూటిలో సరిగా అమరినదట! అది వేరొక మృగపు పన్నే. కాని అదే జాతిది. ఓవెన్ 1837లో దీనికి టాక్సోడాన్, అనగా విల్లువలె వంగిన దంతముది, అని పేరు పెట్టెను. ఖడ్గమృగమంత దేహము, దంతములు మాత్రము ఎలుకకువలె జీవితాంతము పెరుగునవి. దీని చుట్టములెవరో తేల్చుటకు నూట డెబ్బదియెనిమిదేండ్లు పట్టినది. 2015లో ఎముకలలో నింకను మిగిలియున్న మాంసకృత్తును పరీక్షించి, ఇది గుఱ్ఱము, ఖడ్గమృగములు చేరిన బేసివ్రేళ్ల వర్గమునకు దగ్గర చుట్టమని తేల్చిరి. పన్ను చూచి ఎలుకకు దాపుగా లాగినవారి శ్రమ అట్లు ముగిసినది.

ఇంత దూరము తిరిగితిమి గదా, మన ముంగిటి మాటయు ఒకటి చెప్పెదను. నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల సమీపమున బిల్లసుర్గము గుహలు కలవు. 1844లో న్యూబోల్డ్ అను సైనికోద్యోగి వానిని గూర్చి వ్రాసెను. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడును, మరుసటి యేట ఆయన కుమారుడును వానిని త్రవ్వించిరి. దొరకిన దంతములను ఎముకలను రిచర్డు లిడెక్కర్ పరిశీలించి 1886లో పట్టిక ప్రకటించెను. అందొక ఖడ్గమృగమున్నది, దానికాయన కర్నూలు పేరే పెట్టెను. నేడు కంకరరాళ్లు, కందిచేలు తప్ప కనబడని ఆ ప్రదేశమున ఒకప్పుడు ఖడ్గమృగము బురదలో పొరలినదని తలంపగా నాకు ఆ నేలపై గౌరవము హెచ్చినది.

తుదకు మిగిలినది తిమింగిలము కథ. తిమింగిలమునకు గిట్టలు లేవు, కాళ్లే లేవు. ఈ ప్రసంగమున దానికేమి పని యని మీరడుగవచ్చును. అది చేప కాదు. పిల్లలను కని పాలిచ్చును. ఎన్నడో నేలమీద నుండి నీటిలోనికి పోయినదే. పోకముందు అది యేమి? 1966లో వాన్ వాలెన్ అను అమెరికా పండితుడు దంతములను పోల్చి చూచి, మెసోనిక్స్ మొదలగు నశించిన మృగములు తిమింగిలములకు పూర్వులనెను. అవి గిట్టలవంటి వ్రేళ్లు గలిగియు మాంసము తిన్న వింత మృగములు. ప్రాచీన తిమింగిలపు మూడుకొనల పన్నును, వాని పన్నును ప్రక్కప్రక్కన నుంచినచో ఎవరైనను తల యూపుదురు. ముప్పదియైదేండ్లు లోకము తల యూపినది. రక్తమాంసములను పరీక్షించువారు మాత్రము తిమింగిలము నీటిగుఱ్ఱమునకు దాయాది యని చెప్పుచునే యుండిరి, దంతములవారు ఒప్పుకొనలేదు. 2001లో పాకిస్తానమున ప్రాచీన తిమింగిలముల కాలియెముకలు దొరకెను. చీలమండ యెముక పైనను క్రిందను బావి గిలకవలె నున్నది. అట్టి జంట గిలకల చీలమండ సరివ్రేళ్ల జంతువులకు, అనగా ఆవు, పంది, జింకలకే యుండును. పన్నులోని పోలిక వేటాడి తినుటవలన వచ్చినది. పుట్టుక కాలిలో నుండెను. మా పాలికాపు మాట యిచట నాకు మరల వినబడినది.

మరి యా సరివ్రేళ్ల జంతువులలో దగ్గరి చుట్టమేది? అది అప్పటికే మన దేశమున దొరకి, పేరు పెట్టించుకొని, కూర్చుండియున్నది. ఎ. రంగారావు అను భూగర్భశాస్త్రజ్ఞుడు జమ్మూ ప్రాంతమున కాలాకోట్ అను చోట సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరముల నాటి రాళ్లను సేకరించెను. వానిలో బయలుపడిన కొన్ని దంతములను, దవడ తునకను ఆధారము చేసికొని 1971లో ఒక క్రొత్త జంతువును వర్ణించెను. దంతము సరివ్రేళ్ల జంతువుది. పందివలె గుబ్బలు గలది. ఇండోహ్యూస్ అని నామకరణము చేసెను. గ్రీకు భాషలో హ్యూస్ అనగా పంది. తక్కిన రాళ్లు పగులకుండగనే ఆయన యింట నుండిపోయెను. ఆయన కాలము చేసిన పిమ్మట భార్య యా రాళ్లను కాపాడుకొని వచ్చి, హాన్స్ థెవిస్సెన్ అను పండితునకు ఒసగెను.

థెవిస్సెన్ పరిశోధనశాలలో రాతినుండి ఒక పుఱ్ఱెను విడదీయుచుండగా పనివాని చేతిలో దాని చెవిభాగము పొరపాటున పగిలెను. పగిలిన చోట చూడగా మధ్యచెవిని కప్పు గుల్లయెముక లోపలి గోడ మిక్కిలి దళసరిగా నున్నది. అట్టి గోడ తిమింగిలములకే యుండునని శాస్త్రజ్ఞు లెరుగుదురు. కాలియెముకలు కోయగా అవియు నీటిగుఱ్ఱపు టెముకలవలె గట్టివి, బరువైనవి. నీటిలో అడుగున నిలువ దగినవి. దంతములపై పింగాణిని రసాయన పరీక్ష చేయగా ఆ జంతువు నీటిలో చాలకాలము గడపెడిదని తెలిసినది. ఇది 2007 డిసెంబరులో ప్రకటితమయ్యెను. పిల్లియంత దేహము, సన్నని కాళ్లు, చిన్న గిట్టలు. ఇదే సముద్రమున నేడు తిరుగు తిమింగిలమునకు నేలమీది దగ్గరి చుట్టము. రంగారావుగారి చేత 1971లో నున్న దంతములలో ఈ మాట లేదు. దంతమునకు ప్రక్కనే, అంగుళము దూరమున, రాతిలో నున్నది.

1981లో అశోక్ సాహ్నీయు, ఆయనతో పనిచేసినవారును ఈ జంతువు చేరిన కుటుంబమునకు రావోయెల్లిడే అని పేరు పెట్టిరి. శాస్త్ర నియమము ప్రకారము మొదట పెట్టిన పేరు మార్చుటకు వీలులేదు గనుక జంతువు పేరు నేటికిని ఇండోహ్యూస్, అనగా హిందూదేశపు పంది, అనియే చెల్లుచున్నది. అది పంది కాదు.